పనసచెట్టు పలికే చోటు

ఆశ్వయుజ బహుళ తదియ. తూర్పుగాలి.

లైసెన్సు ఉన్న ప్రతి పేర్ల కొట్టువాడూ రోజూ ఏం జరిగిందో రాసి ఊటకు పంపాలని నియమం. పంపుతూనే ఉన్నాను. కిందటేడు నెల పొడుగునా "ఈ రోజు కొట్టు ముందుకు ఒక తిమింగిలం వచ్చి, కండువా దులుపుకుని కూర్చుని, ధర ఎక్కువని లేచిపోయింది" అని రాశాను. నెల పొడుగునా "అందింది, ధన్యవాదాలు" అని జవాబు వచ్చింది. అప్పట్నుంచి ఎవరూ చదవరన్న ధైర్యంతో నిజాలు రాస్తున్నాను.

పొద్దున్నే లేచి కొట్టు తెప్పలోకి చేరిన నీళ్ళు తోడిపోశాను. ఊటతో మాట్లాడే పలకకు పట్టిన ఉప్పు గోకాను. బోర్డు తుడిచాను. "సత్తిరాజు పేర్ల కొట్టు. అప్పు అడిగినవాడి ఇంటికి మంచి పేరు దొరకదు."

తేలంకలో వీధుల్లేవు, ఇంటి నంబర్లు లేవు. వాటికి నేల కావాలి. ఆ నేలంతా మా తాతల కాలంలోనే సముద్రం కిందికి పోయింది. అందరం పంట్లనే వెడల్పాటి తెప్పల మీదే ఇళ్ళు కట్టుకుని తేలుతున్నాం. ఆటుకు ఒక చోట, పోటుకు ఒక చోట, గాలివాన వస్తే మోకులు తెంచుకుని మరో చోట. రాత్రి పక్కింట్లో ఉన్న కోడలు తెల్లారేసరికి మైలు దూరంలో ఉంటుంది. అత్తలకు అదొక సుఖం. ఎవరి పంటు ఎక్కడుందో కనిపెట్టాలంటే దాని పేరొక్కటే ఆధారం. పడవలోని దిక్కుముల్లుకు పేరు చెబితే, ఆ పంటు ఎటు కొట్టుకుపోయినా ముల్లు అటే తిరుగుతుంది. పేరు పోయిందంటే మంచినీళ్ళ పడవ రాదు, మంత్రసాని రాదు, చివరికి అప్పులవాడు కూడా రాడు.

పేర్లన్నీ ఉండేది ఊట దగ్గర. ఊటను నేనెప్పుడూ చూడలేదు. ఎక్కడో పెద్ద ఓడలో ఉందంటారు. మేం అక్కడ తెచ్చి ఇక్కడ అమ్ముతాం, ఏడాదికోసారి అద్దె వసూలు చేసి కడతాం. సంతలో నలభై కొట్లు ఉన్నాయి. నలభై కుండల్లోనూ ఉండేది ఒక్క బావి నీళ్ళే. కుండలకు రంగులు వేరు, అరిచే గొంతులు వేరు.

నాకు ఎదురు గొంతు అబ్బులుది. "శుభోదయ నామాలయం" అని పసుపు బోర్డు. వాడూ నేనూ కలిసి ఏడో తరగతి తప్పాం. ఆ తరవాత ఒకరి బేరం ఒకరం చెడగొట్టుకుంటూ హాయిగా బతుకుతున్నాం.

"ఆయ్! రండి బాబూ రండి! గడువు పొడిగించుకున్నోళ్ళకి కాజా ఉచితం!" అని అరిచాడు వాడు.

"ఆ కాజా కిందటి దీపావళిదండోయ్! ఊడిన పళ్ళు మళ్ళీ కట్టిత్తాడేమో అడిగి తినండి!" అని నేను అందుకున్నాను.

"ఆడి దగ్గర కొన్న పేరు మునిగిపోద్దండి! ఆడి తెప్ప ఎటు వంగిందో సూసుకోండి!"

ఇలా అరుచుకుంటుంటే ఎండు నెత్తళ్ళ బుట్టతో వరహాలక్క వచ్చింది. ఆమె మా పేటలోని మనిషే. నాకు వరసకు అక్క. భర్త నూకరాజు బావ శ్రావణంలో లోతు వేటకు వెళ్ళాడు. ఆ వారమే గాలివాన. మిగతా పడవలు చచ్చీచెడీ వచ్చాయి. బావ పడవ రాలేదు. చెక్క ముక్క కూడా దొరకలేదు.

"ఓపాలి సూడు తమ్ముడూ, పలుకుతాదేమో."

రోజూ వస్తుంది, రోజూ ఇదే అడుగుతుంది. పలకకు వాళ్ళ పంటు పేరు చెప్పాను. పనసచెట్టు. పలక మీది ముల్లు గిర్రున తిరిగి ఉత్తరపు వరసకేసి నిలబడింది. "పనసచెట్టు ఇక్కడుంది" అంది పలక. అక్క భుజాలు కొంచెం దిగాయి.

ఆ పేరు బావ పెట్టిందే. పెళ్ళి మాటల్లో అక్క, మునిగిపోయిన మా ఊళ్ళో వాళ్ళ నాయనమ్మకు ఉన్నట్టు గుమ్మంలో పనసచెట్టు ఉంటేనే కాపురానికొస్తానందట. ఉప్పునీళ్ళ మీద చెట్టెక్కడ తెస్తాడు? పేరు తెచ్చాడు.

"బావ ఏ దీవిలోనో రెండో పెళ్ళి చేసుకునుంటాడక్కా" అన్నాను.

"సేసుకుంటే సేసుకోనీరా. దాన్నీ ఎంటబెట్టుకు రమ్మను. సేపలెండబెట్టడానికి నాకో సెయ్యి సాయం."

పేరు గడువు మార్గశిరంలో తీరుతుంది. పక్షం రోజుల ముందుగా తప్ప ఊట అద్దె పుచ్చుకోదు. అక్క ఆ అద్దె కోసం ఇప్పట్నుంచే నెత్తళ్ళు ఎండబెడుతోంది. ఆయన బతికి ఎక్కడున్నా, ముల్లుకు పేరు చెబితే ఇల్లు పలకాలి. ఆమెకున్నది ఆ ఒక్క లెక్కే.

ఆశ్వయుజ బహుళ దశమి. గాలి లేదు, ఉక్క.

పొద్దున్న పలక తనంతట తనే మాట్లాడింది. "సంతలో నలభై కొట్లు పరస్పరం పోటీ పడుతున్నందున పేర్ల మీద ధరల పరిమితి ఇకపై అవసరం లేదని నిర్ణయించడమైనది. నేటినుండి ప్రతి పేరుకూ దాని గిరాకీని బట్టి ధర."

పోటీ ఉంది కాబట్టి ధర పెంచుతారట. ఇంట్లో కుక్క ఉంది కాబట్టి తలుపులు తీసి పడుకోండి అన్నట్టుంది. ఆ కుక్క ఎవరిదో కూడా చూసుకోవాలి కదా.

నా పంటు పేరు "ముసలిపీత". ధర పాతదే. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు. అబ్బులు పంటు పేరు "కనకమహల్". అదీ పాతదే, నాకు సంతోషమే. ఆ తరవాత పనసచెట్టు అడిగాను. ధర మూడింతలైంది.

ఎందుకని ఊట ఏజెంటును అడిగాను. చైత్ర అని, తెల్ల పడవలో వారానికోసారి వచ్చే పిల్ల. మర్యాదస్తురాలు. అదే దానితో చిక్కు, తిట్టడానికి చోటివ్వదు.

"గిరాకీ ఎలా లెక్కిస్తారనేది వ్యాపార రహస్యం, అంకుల్. నాకూ చెప్పరు."

"పాత ధరకి ఇచ్చే దారే లేదా అమ్మాయ్?"

"ఉంది. యజమాని చనిపోతే వారసులకు పాత ధరకే ఇస్తారు. ఆంటీ ఈ కాగితం మీద వేలిముద్ర వేస్తే చాలు, ఆయన చనిపోయినట్టు. ఆయన పడవలోని దిక్కుముల్లు మాత్రం ఊట ఆపేస్తుంది. చనిపోయినవాళ్ళకి దానితో పనుండదు కదా."

కాగితం చేతిలో పెట్టి పడవెక్కి వెళ్ళిపోయింది.

ఆశ్వయుజ అమావాస్య. దీపావళి. ఈశాన్యం.

నా మనసులో మాట రాసుకుంటాను. నూకరాజు బావ పోయాడనే నేను నమ్ముతున్నాను. అంత గాలివానలో ఎవరు బతుకుతారు? పోయినవాడి ముల్లు ఆపేస్తే నష్టమేమిటి? పేరు నిలుస్తుంది, అక్క రోజూ వచ్చి పలికించుకుంటుంది, ఆమెకు ఊరట. ఇంత తెలివిగా ఆలోచించి ఆ కాగితం పట్టుకుని పనసచెట్టుకు వెళ్ళాను.

అక్క చేపలు ఎండబెట్టే తెర కింద కూర్చుని వల బాగుచేస్తోంది. బావ వల. చినిగిన చోటే కాకుండా బాగున్న చోట కూడా ముడులు వేస్తోంది.

"మంచినీళ్ళ వాటా పెంచుతారటక్కా. వేలిముద్ర కావాలట" అన్నాను.

ఆమె కాగితం చూడలేదు. చదవడం రాదు కూడా. నా మొహం చూసింది.

"మంచినీళ్ళు పెంచుతారని సెప్పడానికొచ్చినోడివి, ఒక్క ఎకసెక్కం ఆడలేదేట్రా? పండగ రోజు. నవ్వకండా వచ్చావంటే మోసం సేయడానికొచ్చావు."

పట్టుబడ్డాక ఇక దాచడమెందుకని చెప్పేశాను.

ఆమె చాలాసేపు వల ముడులే వేసింది. "ఆడు సచ్చిపోయాడని నా ఏలుతో నేను సెప్పాలా? ఆడి ముల్లు ఆపేసి, ఆడికి కనపడాలని పేరు నిలబెట్టాలా? ఏటి తమ్ముడూ, ఏడో తరగతి తప్పినోడివని తెలుసు గానీ మరీ ఇంతనుకోలేదు."

తిరిగి వచ్చేటప్పుడు నా చేతిలో నాలుగు అరిసెలు పెట్టింది. కాగితాన్ని సముద్రంలో పారేశాను. అది మునగలేదు, నా పడవ వెంటే తేలుతూ వచ్చింది.

కార్తీక శుద్ధ పంచమి. గాలి తక్కువ.

మనసు బాగోలేనప్పుడు నేను ఎవరినో ఒకరిని ఆటపట్టించాలి. లేకపోతే అన్నం సహించదు. సంతలోని కొట్లన్నిటికీ ఒక ఉత్తరం పంపాను. "నేను పెళ్ళికొడుకును. వయసు డెబ్భై. నా కొత్త పెళ్ళాం కాపురానికి రాబోయే పంటుకు గుడ్డికొంగ అనే పేరు కావాలి. తక్కువ ధరకు ఎవరిస్తారో తేల్చుకోండి. ఇట్లు, రసిక శిఖామణి."

సాయంత్రానికి జవాబులు వచ్చాయి. మొదటి కొట్టు: "మీ అభిరుచికి జోహార్లు, పెళ్ళికూతురు గారూ!" పొరపాటు పడ్డారులే అని నవ్వుకున్నాను. రెండో కొట్టు: "మీ అభిరుచికి జోహార్లు, పెళ్ళికూతురు గారూ!" మూడో కొట్టు, నాలుగో కొట్టు, ఎర్ర బోర్డు, పచ్చ బోర్డు, "మాదే చవక" అన్నవాడు, "వాడు దొంగ" అన్నవాడు, అందరూ నన్ను పెళ్ళికూతుర్ని చేశారు. పోటీ ధర కూడా అందరిదీ ఒకటే.

నవ్వు ఎక్కడో ఆగిపోయింది. ఎందుకంటే పసుపు బోర్డు జవాబు కూడా అదే.

చెక్కల వంతెన దాటి అబ్బులు తెప్ప మీదికి వెళ్ళాను. వాడు కాజాల పళ్ళెం మీద ఈగలు తోలుతున్నాడు.

"ఒరే అబ్బులూ, ఈ కొట్టు ఎవరిదిరా?"

"నాదేరా. పేద్ద బోర్డు ఉంది, కనపట్టం లేదా?"

"నేను పెళ్ళికూతుర్నంట కదా. నువ్వే రాశావా?"

వాడు ఈగలు తోలడం ఆపాడు. "శ్రావణం గాలివానకి తెప్ప సగం ఇరిగిపోయింది కదరా. సాగరిక కంపెనీ వోళ్ళు వచ్చారు. తెప్ప బాగుసేయిత్తాం, బోర్డు ఉంచుకో, రోజూ అరుత్తూ ఉండు అన్నారు. జీతం."

"అరవడానికా?"

"ఆయ్. నీమీద అరిత్తే ఇంకొంచెం ఎక్కువ."

"ఎన్ని కొట్లు వాళ్ళవి?"

"నీది తప్పితే అన్నీను."

పొద్దున్నే వాడి అరుపు వినకపోతే నాకు తెల్లారినట్టుండదు. మూడు నెలలుగా ఆ అరుపు జీతానికి పుట్టినదట. నాకు కోపం రావాలి. రాలేదు. చెవులు ఖాళీ అయినట్టయింది.

తిరిగి వస్తుంటే వాడు వెనక నుంచి పిలిచాడు. మొహం దించుకుని చెప్పాడు. "గిరాకీ ఎలాగ లెక్కెడతారో తెలుసా? పిలుపుల్రా. పేరు ఎన్నిసార్లు పిలిత్తే అంత గిరాకీ. ఎక్కడ్నించి పిలిచినా సరే. నీ పలకలోంచయినా సరే, పడవ ముల్లులోంచయినా సరే. వరహాలప్ప రోజూ నీ దగ్గరికి వత్తాది కదా. ఆపమను."

కార్తీక శుద్ధ ఏకాదశి. తూర్పుగాలి.

సప్తమి నాడే అక్కకు చెప్పాను. ఎలా చెప్పాలో రాత్రంతా తిప్పుకుని, చివరికి ఒకే ముక్కలో చెప్పాను. "పిలవకక్కా. పిలిచిన కొద్దీ అందకుండా పోతోంది."

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "నేను ఉందా ఉందా అని అడిగినందుకా?"

"అవును."

"మరి పిలవకపోతే ఉందో పోయిందో ఎలాగ తెలుత్తాది?"

నేను పలక మీది ఉప్పు గోకాను. ఆమె తల ఊపింది. మర్నాటి నుంచి మామూలు వేళకే వస్తోంది. కొట్టు ముందు కూర్చుంటుంది. పలకకేసి చూస్తుంది. నోరు విప్పదు. కాసేపటికి బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోతుంది.

నాలుగు రోజులకు ధర ఒక మెట్టు తగ్గింది.

కార్తీక శుద్ధ త్రయోదశి. గాలి ఈశాన్యానికి తిరిగింది.

పున్నమి దగ్గర పడుతోంది, నాకు భయంగా ఉంది. ఎందుకో రాస్తాను. మా తేలంకలో శవాన్ని దాచుకోవడానికి నేల లేదు, తప్పిపోయినవాడి కోసం వెతకడానికి అడవి లేదు. అందుకని కార్తీక పున్నమి సాయంత్రం దీపాలు నీళ్ళ మీద వదిలి, ఆ ఏడు సముద్రంలో తప్పిపోయినవాళ్ళ పంట్ల పేర్లు అందరూ పిలుస్తారు. ప్రతి పంటులోనూ, ప్రతి పడవలోనూ, ముల్లు ముందు పెట్టుకుని. వాడు ఎక్కడున్నా ఇల్లు పలుకుతోందని తెలియాలని. దీన్ని పిలుపుల పండగ అంటాం. ఈ ఏడు తప్పిపోయింది నూకరాజు బావ ఒక్కడే. అంటే తేలంక మొత్తం పనసచెట్టునే పిలుస్తుంది.

పడవేసుకుని వరసలన్నీ తిరిగాను. ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట చెప్పాను: "ఈసారి పిలవకండి. పిలిస్తే వరహాలక్క ఇల్లు పోతుంది."

"ఓలమ్మో, మళ్ళీ వచ్చాడే సత్తిరాజు!" అని నవ్వింది ఒక ముసలమ్మ. "పోయినేడు సొరసేపకి జొరమొచ్చింది, నీళ్ళల్లో మిరియాలు సల్లమన్నావు. సల్లాను కదరా నాయనా."

"ఇది నిజం, పెద్దమ్మా."

"మిరియాలప్పుడూ అదే అన్నావు."

ఇంకొకతను కోప్పడ్డాడు. "ఎకసెక్కానికీ ఒక హద్దుండాలండి. సచ్చాడో బతికాడో తెలీని మడిసి మీద ఏళాకోళమా? మేం గట్టిగా పిలుత్తాం. నువ్వు వద్దన్నావు కాబట్టి ఇంకా గట్టిగా పిలుత్తాం."

ఒట్లు పెట్టాను. ఏడ్చాను కూడా. "ఏడుపు బాగా నేర్సాడ్రా ఈయేడు" అన్నారు.

కార్తీక పున్నమి.

పిలిచారు.

దీపాలు వదలగానే ఉత్తరపు వరస మొదలుపెట్టింది, తరవాత దక్షిణం, తరవాత అన్ని వరసలూ. పనసచెట్టూ, పనసచెట్టూ. పిల్లలు పోటీలు పడి పిలిచారు. నేను వద్దన్నందుకు నిజంగానే ప్రతివాళ్ళూ రెండేసిసార్లు, నాలుగేసిసార్లు పిలిచారు. తేలంకలోని ముళ్ళన్నీ ఒక్కసారి అక్క పంటుకేసి తిరిగాయి.

అక్క గుమ్మంలో నిలబడి అందరికీ దణ్ణం పెట్టింది. వద్దని ఎలా అంటుంది? నేను పక్కనే ఉన్నాను. "ఎంత పేమరా వీళ్ళకి మామీద" అంది. ఆ మాట అంటూనే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కార్తీక బహుళ అష్టమి. సన్నటి వాన.

ధర ఎంతో రాయను. తేలంకంతా కలిసినా కట్టలేనంత. అబ్బులు వల్ల విషయం బయటపడి, ఇప్పుడు నా మాట నమ్మారు. పున్నమి నాడు గట్టిగా పిలుస్తానన్నతను మొదట వచ్చి చెవిపోగులు ఇచ్చాడు. ముసలమ్మ వంటపాత్రలు తెచ్చింది. చైత్ర లెక్క చూసి తల అడ్డంగా ఊపింది. "సారీ అంకుల్. ఇంత గిరాకీ ఉన్న పేరు ఈ వైపు సముద్రంలో ఇంకొకటి లేదు."

"అది గిరాకీ కాదమ్మాయ్."

"మరేంటి?" అని అడిగింది. నిజంగానే తెలియక అడిగింది.

మార్గశిర శుద్ధ విదియ. ఎండ.

గడువు తీరిన పేరు ఊట చేతిలోంచి రాలుతుంది. రాలిన క్షణంలో ఏ కొట్టు చెయ్యి ముందు పడితే పేరు ఆ కొట్టుది, మామూలు ధరకే. లైసెన్సుకు ఒక్క చెయ్యి. అక్కకు చివరి ఆశ అదే. నాకు ఒకటి. సాగరిక కంపెనీకి బోర్డులన్ని చేతులు. ఇన్ని బోర్డులు ఎందుకు కొన్నారో అప్పటికి తెలిసింది. అరవడానికి కాదు.

మిట్టమధ్యాహ్నం. అక్క నా కొట్లో కూర్చుంది. నేను పలక మీద వేలు పెట్టుకుని ఉన్నాను. ఎదురుగా పసుపు బోర్డు కింద అబ్బులు నిలబడ్డాడు. అరవడం లేదు. ఉన్నట్టుండి వాడు వంగి, వాళ్ళ కొట్టు పలకను తీగలతో సహా పెరికి నీళ్ళలోకి విసిరాడు.

"ఒక సెయ్యి తగ్గింది రోయ్! కొట్టు!" అని అరిచాడు.

ఆ అరుపుకు జీతం లేదు. నేను కొట్టాను.

పేరు నాకు పడిందో లేదో చూడటానికి "పనసచెట్టు" అన్నాను. ముల్లు తిరిగింది. ఉత్తరపు వరసకేసి కాదు. తూర్పుగా, లోతు మొదలయ్యే మొగ దాటి, వట్టి సముద్రంకేసి. "ఈ పేరు అమ్మకానికి ఉంది. కావలసినవారు సంప్రదించండి" అంది పలక, కొత్త గొంతుతో, ఎంతో తియ్యగా.

అక్క ముల్లు చూపిస్తున్న వైపు చూసింది. "అక్కడేటుంది?"

"ఏమీ లేదక్కా. కంపెనీవాళ్ళ తేలుడు పీపా ఒకటుంది. అమ్ముడుపోని పేర్లన్నీ దానికే కట్టి ఉంచుతారు."

"అయితే ఆడు పిలిత్తే అక్కడికెళ్తాడు."

"అవును."

అక్క లేచింది. ఇంటికి వెళ్ళి లంగరు తీయడం మొదలుపెట్టింది.

మార్గశిర శుద్ధ చవితి.

పంటును లాగడానికి పడవలు కావాలా అని ఎవర్నీ అడగలేదు, వచ్చాయి. పున్నమి నాడు పిలిచినవాళ్ళంతా మోకులు పట్టారు. మొగ దాటేసరికి అలలు పెద్దవయ్యాయి. సాయంత్రానికి పీపా కనిపించింది. తుప్పు పట్టిన ఇనప పీపా, మీద ఒక బోర్డు, బోర్డు మీద కొంగ రెట్ట. దాని చుట్టూ ఏమీ లేదు. వేల పేర్లు అక్కడున్నాయట. కంటికి ఒక్కటీ కనిపించదు.

పేరు లేని పంటును పీపా పక్కన లంగరు వేశాం. చైత్ర తెల్ల పడవలో వచ్చింది. "ఇక్కడ ఉండకూడదు ఆంటీ, ప్లీజ్."

"నీ పీపా నేను ముట్టుకోలేదమ్మా. నీ పేరు వాడుకోట్లేదు. నీళ్ళు కూడా మీవేనా?"

చైత్ర చాలాసేపు తన కాగితాలు తిరగేసింది. నీళ్ళ గురించి వాటిలో ఏమీ లేదు. వెళ్ళేముందు తన పడవలోని మంచినీళ్ళ పీపా ఒకటి పంటు మీదికి దింపింది.

పుష్య శుద్ధ నవమి. చలిగాలి.

లైసెన్సు ఊటకు తిప్పి పంపేశాను. ఇప్పుడు అబ్బులూ నేనూ కలిసి చేపలు ఎండబెడుతున్నాం. ఒకరి చేపలు కంపని ఒకరం ఊరికే అరుచుకుంటున్నాం. అలవాటు కొద్దీ ఇది రాస్తున్నాను.

వారానికోసారి అక్కకు మంచినీళ్ళూ బియ్యం పట్టుకెళతాం. ముల్లుకు పనసచెట్టని చెప్పం, ధర ఇంకా పెరుగుతుందని భయం. అదే పీపాకు కట్టి ఉన్న ఇంకేదో దిక్కులేని పేరు పిలుస్తాం.

ఈ రోజు మేం వెళ్ళేసరికి అక్కడ కొత్త పడవ ఒకటి ఉంది. అతుకుల పడవ. అందులోంచి దిగిన కుర్రాడు ఎండకు నల్లగా మాడి, పెదాలు పగిలి ఉన్నాడు. పొరుగు తేలుడూరి వాడట. శ్రావణం గాలివానలోనే కొట్టుకుపోయాడు. వాళ్ళమ్మ పంటు పేరు పిలుచుకుంటూ వచ్చాడు. ఆ పేరూ రాలిపోయి ఇక్కడే ఉంది. పంటు కనపడగానే ఇల్లనుకుని "అమ్మా!" అని కేక వేశాడట. వేరే మనిషి బయటికి వచ్చింది.

అక్క అతనికి అన్నం పెడుతోంది. ఏమీ అడగడం లేదు. అడిగితే లేదంటాడని భయమని నాకు తెలుసు. నేనే అడిగాను.

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు బాబూ?"

"ఆగ్నేయంగా ఇసుకదిబ్బ ఒకటుందండి. కొబ్బరికాయలు కొట్టుకొత్తాయి, పీతలుంటాయి. నాతోబాటు ఇంకొకాయన ఉండేవోడు. కాలు ఇరిగింది. నా పడవ బాగుసేసింది ఆయనేనండి. రోజూ పొద్దున్నే ముల్లుకి ఇంటి పేరు సెప్పేవోడు. అది పలికితే నవ్వేవోడు. ఒక్కోరోజు పదిసార్లు, ఇరవైసార్లు పిలిసేవోడు, ఊరికినే."

అబ్బులు నాకేసి చూశాడు. నేను వాడికేసి చూడలేకపోయాను. ఎక్కడ్నించి పిలిచినా సరే అన్నాడు వాడు. ఊట అంతా లెక్కపెట్టింది.

"మరి ఆయన నీతో రాలేదేం?" అంది అక్క. గొంతు మామూలుగానే ఉంది.

"మార్గశిరంలో ఒక రోజు పిలిత్తే, ఈ పేరు అమ్మకానికి ఉంది అందండి ముల్లు. ఆ రోజు నుంచి పిలవటం మానేశాడు. నా యింటిది ఇల్లమ్ముకుని ఎల్లిపోయింది, బతికుంటే సాలు, నేనొచ్చి ఏం సేత్తాను అన్నాడు. ఎంత బతిమాలినా పడవెక్కలేదు."

"ఏం పేరు పిలిసేవోడు?"

"ఏదో సెట్టు పేరండి. సరిగ్గా గుర్తులేదు."

తేలంకలో సగం పంట్లకు చెట్ల పేర్లే. నేల మీద పోగొట్టుకున్నవే పెట్టుకున్నాం అందరం. వేపచెట్లున్నాయి, మామిడితోపులున్నాయి. పొరుగు ఊళ్ళలోనూ అంతే. అతను నూకరాజు బావే అని చెప్పడానికి లేదు. కాదని చెప్పడానికీ లేదు. కుర్రాడు బయల్దేరి పదిరోజులైంది. మధ్యలో పెద్ద పోటు ఒకటి వచ్చింది. ఆ పోటుకు దిబ్బ సగం మునుగుతుందట.

అక్క లేచి చేతులు కడుక్కుంది. వల తీసి అబ్బులు పడవలో వేసింది. "అబ్బులూ, ఇంజను నూనె ఉందా?"

"ఉందప్పా."

"ఆగ్నేయం."

నేనూ ఎక్కబోయాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి ఆపింది. "నువ్వుండు తమ్ముడూ. ఆడు మనసు మార్సుకుని బయల్దేరి, దారి తప్పి మమ్మల్ని దాటి వచ్చేత్తే? ముల్లు ఆణ్ణి ఇక్కడికే తెత్తాది. గుమ్మంలో ఒక మడిసి ఉండాలి."

కుర్రాడి అతుకుల పడవ నీళ్ళు పట్టి ఇక పనికిరాకపోవడంతో, నా పడవ అతనికిచ్చి వాళ్ళ ఊరివైపు పంపాను.

పుష్య శుద్ధ చతుర్దశి. ఈశాన్యగాలి, అలలు పెద్దవి.

పొద్దున్న పంటులో నీళ్ళు తోడిపోశాను. తెర కింద అక్క ఎండబెట్టిన చేపలు తిరగేశాను. ఆగ్నేయంగా ఏమీ కనిపించలేదు. ఒకసారి తెరచాప అనుకున్నాను, కొంగ.

పడవ లేదు కాబట్టి ఎక్కడికీ వెళ్ళలేను. కూర్చుని చూడటమే పని. ఇన్నేళ్ళూ కొట్టు ముందు కూర్చునేవాళ్ళను నవ్వించాలని చూసేవాణ్ణి. నవ్వేటప్పుడు కూడా వాళ్ళ కళ్ళు పలక మీదే ఎందుకు ఉండేవో ఇక్కడ కూర్చున్నాక తెలుస్తోంది.

నిన్న మిగిలిన అన్నం చద్ది చేసుకుని తిన్నాను. సాయంత్రం పొయ్యి వెలిగించి, ఎసట్లో మళ్ళీ నలుగురికి సరిపడా బియ్యం పోశాను.